ఆవర్జా తీసుకెళ్ళి చిట్టా వదిలేశారు: మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకు బహిరంగ లేఖ

డెవలపర్ మిత్రులకు నమస్కారం.

మీ సాఫ్ట్‌వేర్ పేరు ఈ ఉత్తరంలో రాయడం లేదు. రాస్తే చదివినవాళ్ళు దాన్ని తీసేసి ఇంకోటి వెతుక్కుంటారు. నాకు కావలసింది అది కాదు. ఆరేళ్ళుగా విజయవాడలో కిరాణా కొట్లకీ, ఫ్యాన్సీ షాపులకీ, రెండు మందుల షాపులకీ దాన్ని ఎక్కించి, ప్రింటరు కలిపి, మొదటి వారం పక్కన కూర్చుని బిల్లు కొట్టడం నేర్పి వస్తున్నవాణ్ణి. ఇప్పటికి ముప్పై రెండు కొట్లయ్యాయి. మీరు డబ్బు తీసుకోకుండా ఇస్తున్నారనీ, పగలు ఉద్యోగాలు చేసుకుని రాత్రిళ్ళు కూర్చుని రాస్తున్నారనీ తెలుసు. అది మర్చిపోయి ఈ ఉత్తరం రాయడం లేదు.

వచ్చే వెర్షన్‌లో ఏమేం వస్తాయో మీరు పెట్టిన జాబితా చూశాను. డార్క్ థీమ్, వాట్సాప్‌లో బిల్లు, నోటితో చెబితే సరుకు వెతికిపెట్టడం. బ్యాకప్ (లెక్కకి కాపీ తీసి దాచడం), రిస్టోర్ (ఆ కాపీని తిరిగి ఎక్కించడం) ఉన్న వరుసలో మాత్రం ‘తర్వాత చూద్దాం’ అని ఉంది. మూడేళ్ళుగా ఆ వరుసలో ఆ మాటే ఉంది. ఆ మూడేళ్ళలో ఒక కొట్టులో ఏం జరిగిందో చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

2024 సెప్టెంబరు 1 ఆదివారం. బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీళ్ళలో మునిగిన రోజు. సింగ్ నగర్‌లో నేను సాఫ్ట్‌వేర్ పెట్టిన కిరాణా కొట్టు ఒకటుంది. ఆ కొట్టాయన నీళ్ళు తీసి షట్టరు ఎత్తేసరికి తొమ్మిది రోజులైంది. మధ్యలో వినాయక చవితి వచ్చి వెళ్ళిపోయింది కూడా. లోపల బియ్యం బస్తాలు పుల్లబడి వాసన, నేలంతా అడుగు మందం ఒండ్రు, కౌంటరు కింద సీపీయూ. దాన్ని పైకెత్తితే పక్కనున్న సందులోంచి నీళ్ళు ధార కట్టాయి. హార్డ్ డిస్కు తీసి డేటా తీసేవాళ్ళ దగ్గరికి పట్టుకెళ్ళాం. విప్పి చూసి, బురద లోపలి పళ్ళేల దాకా పోయిందని తిరిగిచ్చేశారు.

అయినా ఆయన ముఖంలో భయం లేదు. గల్లా పెట్టెలోంచి పెన్‌డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టాడు. పాలిథిన్ కవర్లో చుట్టి, దాని మీద రబ్బరు బ్యాండు. “శనివారం రాత్రి కొట్టు కట్టేసేముందు కాపీ తీసుకున్నా, నువ్వు చెప్పినట్టే” అన్నాడు. నిజమే, నేనే చెప్పాను. మీ సాఫ్ట్‌వేర్‌లో బ్యాకప్ అనే బటనే లేదు కాబట్టి, ఫలానా ఫోల్డర్లో డాట్ డీబీ అని ఒక ఫైలుంటుంది, దాన్ని రోజూ పెన్‌డ్రైవ్‌లోకి లాగండి అని అందరికీ చెప్పేవాణ్ణి. ఆ తప్పులో నా వాటా నాదే.

పెన్‌డ్రైవ్ ఆరబెడితే పనిచేసింది. ఫైలు తెరుచుకుంది, ఎర్రర్ లేదు, పేర్లన్నీ ఉన్నాయి. ఆయన కుర్చీలో వెనక్కి వాలి టీ చెప్పాడు. టీ వచ్చేలోపు నేను చివరి బిల్లు తేదీ చూశాను. ఆగస్టు 29, గురువారం. శుక్ర, శనివారాలు లేవు. ఆగస్టు 30, 31. నెలాఖరు. జీతాలు ముందో వెనకో వచ్చే రోజులు, పాత బాకీలు కట్టే రోజులు, చవితి సరుకు అరువుకి తీసుకెళ్ళే రోజులు. ఏడాది మొత్తం మీద ఆయన ఏ రెండు రోజుల లెక్క పోకూడదని కోరుకుంటాడో సరిగ్గా ఆ రెండు రోజులే లేవు.

ఎందుకు లేవో మీకు ఒక్క మాటలో అర్థమవుతుంది. ఇది చదివే కొట్లవాళ్ళ కోసం మన పాత లెక్కల భాషలో చెబుతాను. మా తాత గుమస్తాగా చేసిన రోజుల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. జరిగింది జరిగినట్టు, వచ్చిన వరుసలో చిట్టాలో రాసేవాళ్ళు. తీరిక దొరికినప్పుడు దాన్ని మనిషి పేరు కింద, ఖాతా కింద ఆవర్జాలోకి ఎక్కించేవాళ్ళు. మీరు వాడే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ కూడా, మీరు పెట్టిన వాల్ పద్ధతిలో, అచ్చం అదే చేస్తుంది. కొత్త బిల్లు కొట్టగానే అది ముందు పక్కనున్న వాల్ అనే ఇంకో ఫైల్లో పడుతుంది. అది మామూలుగా ఓ వెయ్యి పేజీలు నిండాకో, సాఫ్ట్‌వేర్ పూర్తిగా మూసినప్పుడో అసలు ఫైల్లోకి చేరుతుంది. మా కొట్టాయన సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ మూయడు. కంప్యూటర్ని నిద్రపుచ్చి ఇంటికెళ్తాడు. శనివారం రాత్రి ఆయన పెన్‌డ్రైవ్‌లోకి లాగింది ఆవర్జా ఒక్కటే. రెండు రోజుల చిట్టా సీపీయూలో ఉండిపోయి బుడమేట్లో కలిసింది.

ఫైలు చెడిపోయి తెరుచుకోకపోయుంటే కాస్త నయమనిపించింది నాకు. ఏదో పోయిందని అప్పుడే తెలిసేది. ఇది పెద్దమనిషిలా తెరుచుకుని, తన దగ్గరున్నదే మొత్తం లెక్క అన్నట్టు కూర్చుంది. నేను తేదీ చూడకపోతే ఆయన అదే నిజమనుకుని బాకీల చిట్టీలు రాసుకుని వీధిలోకి వెళ్ళేవాడు. కట్టినవాళ్ళని మళ్ళీ అడిగేవాడు.

ఆ రెండు రోజులు ఎలా తిరిగొచ్చాయంటే, సగమే వచ్చాయి. కట్టిన డబ్బులు ఫోన్‌పే మెసేజీల్లో కొంత దొరికాయి. అరువుకి మాత్రం ఏ బ్యాంకూ మెసేజీ పంపదు కదా. పునుగుల బండి పెట్టుకునే ఆవిడ, బండి కొట్టుకుపోయిన మనిషి, తనే వచ్చి “శనివారం రెండు నూనె ప్యాకెట్లు, పది కిలోల పిండి నా లెక్కలో వేసుకో అన్నయ్యా” అని చెప్పి వెళ్ళింది. అందరూ అలా రాలేదు. రాలేదని ఎవర్నీ అనలేం. వాళ్ళ ఇళ్ళూ మునిగాయి.

ఇంకా ఒకటి మిగిలింది. ఆ గురువారం దాకా ఉన్న ఫైలునే కొత్త ల్యాప్‌టాప్‌లో ఎక్కించబోతే మీ కొత్త వెర్షన్ తీసుకోలేదు. పాత వెర్షన్ డేటా, చెల్లదు అంది, మూసుకుపోయింది. ఏ వెర్షనో చెప్పలేదు, ఏం చేయాలో చెప్పలేదు. నా దగ్గర పాత ఇన్‌స్టాలర్లు దాచుకునే జబ్బు ఉంది కాబట్టి సరిపోయింది. ముందు పాతది ఎక్కించి, అందులో ఈ ఫైలు తెరిచి, దాని మీద కొత్తది ఎక్కించాను. కొట్టాయన ఒక్కడే ఉంటే ఆ గోడ దగ్గరే ఆగిపోయేవాడు.

ఇప్పుడు నా విన్నపం. బ్యాకప్ కంటే ముందు రిస్టోర్ రాయండి. బ్యాకప్ బటన్ పెట్టడం ఒక సాయంత్రం పని, పెట్టేసి జాబితాలో టిక్కు కొట్టేయొచ్చు. కొట్టువాడికి ఆ బటనుతో పని పడేది ఎప్పుడు? కంప్యూటర్ పోయిన రోజు. ఆ రోజు అతను నొక్కేది రెండో బటను. ముందు దాన్ని రాస్తే మొదటిది ఎలా ఉండాలో అదే చెబుతుంది. కాపీలో ఏమేం ఉండాలి, ఏ వెర్షనని రాయాలి, బిల్లు మీద వేసే బొమ్మ, ప్రింటరు సెట్టింగులు అందులోకి రావాలా వద్దా, ఇవన్నీ తిరిగి ఎక్కించేటప్పుడే బయటపడతాయి.

కాపీ తీసే పద్ధతి గురించి మీకు నేను చెప్పేటంత వాణ్ణి కాదు. అయినా చెబుతాను. ఫైలుని ఫైలుగా లాగొద్దు, లాగనివ్వొద్దు. ఎస్‌క్యూలైట్‌లోనే దానికి బ్యాకప్ ఏపీఐ, అంటే కోడ్‌లోంచి పిలిచి కాపీ తీయించుకునే ఏర్పాటు, ఉంది. 2019లో వచ్చిన 3.27 వెర్షన్ నుంచి వ్యాక్యూమ్ ఇంటూ అనే ఆదేశమూ ఉంది. రెండూ చిట్టానీ ఆవర్జానీ కలిపి, బిల్లులు కొడుతుండగానే, ఒక్క శుభ్రమైన ఫైలు తీసిస్తాయి. తీశాక ఆ ఫైలుని మళ్ళీ తెరిచి, లోపల ఏమీ చెడలేదని చూసే ఇంటిగ్రిటీ చెక్ నడపండి. ఖాతాదార్లెందరు, బిల్లులెన్ని, మొత్తం బాకీ ఎంత అన్నవి లెక్కపెట్టి అదే ప్యాకెట్లో ఒక చిన్న చీటీలా పెట్టండి, ఫైల్లో ఒక్క అక్షరం మారినా పట్టిచ్చే షా-256 గుర్తుతో సహా. పది వేల బిల్లుల కొట్టుకి ఇదంతా చూస్తూండగానే అయిపోతుంది.

రిస్టోర్ దగ్గర మాత్రం తొందర వద్దు. ఒక ఫ్యాన్సీ షాపులో జరిగింది చెబుతాను. అప్పటికి ఆ షాపు వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడేది. కొత్తగా చేరిన కుర్రాడు రాత్రి కొట్టు కట్టేసేముందు ‘రిస్టోర్’ నొక్కాడు. స్టోర్ అంటే దాచిపెట్టడం, రిస్టోర్ అంటే మళ్ళీ దాచిపెట్టడం అనుకున్నాడు. ఇంగ్లీషు లెక్క ప్రకారం వాడి ఆలోచనలో తప్పేమీ లేదు! అది సంక్రాంతి నాటి కాపీని తెచ్చి ఉగాది దాకా రాసుకున్న లెక్క మీద పరిచేసింది. ‘ఆర్ యూ ష్యూర్’ అని అడిగింది. వాడు ష్యూరే. ఎస్ నొక్కాడు.

కాబట్టి ముందు చూపించండి. ‘ఈ కాపీ ఆగస్టు 31 రాత్రి 9.40కి తీసింది. ఇందులో 412 మంది ఖాతాదార్లు, చివరి బిల్లు ఫలానా. ఇప్పుడు కంప్యూటర్లో ఉన్న లెక్కలో చివరి బిల్లు ఫలానా. పాతది ఎక్కిస్తే ఈ మధ్య రాసిన ఇన్ని బిల్లులు కనబడవు.’ అంత స్పష్టంగా చెబితే కుర్రాడైనా ఆగి ఓనర్ని పిలుస్తాడు. అయినా నొక్కితే, ఇప్పుడున్న లెక్కకి ఒక కాపీ తీసి పక్కన పెట్టి, కొత్త ఫైలుని వేరే పేరుతో పూర్తిగా సిద్ధం చేసి, సరిచూసి, అప్పుడు ఒక్క దెబ్బలో పేరు మార్చండి. మధ్యలో కరెంటు పోతే పాతదైనా ఉండాలి, కొత్తదైనా ఉండాలి, సగం సగం ఉండకూడదు. మా దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో మీకు చెప్పక్కర్లేదు.

బటన్ల మీద మాటల గురించి మీతో పోట్లాడటానికైనా సిద్ధం. తెలుగు తెరలో ‘భద్రపరచు’, ‘పునరుద్ధరించు’ అని పెట్టాలనుకుంటున్నట్టు చూశాను. పునరుద్ధరణ దేవాలయాలకు జరుగుతుంది. కొట్లో ఎవరూ ఆ మాట అనరు, చదివి అర్థం చేసుకునేంత తీరికా ఉండదు. ‘సేవ్’కీ ‘భద్రపరచు’కీ తేడా కూడా ఎవరికీ తెలియదు. ‘లెక్కకి కాపీ తీయి’ అనండి, ‘పాత కాపీ తిరిగి ఎక్కించు’ అనండి. రెండోదాన్ని మొదటిదాని పక్కన పెట్టకండి, లోపల ఎక్కడో నాలుగు తెరల అవతల పెట్టండి. రోజూ నొక్కేదీ ఏళ్ళకోసారి నొక్కేదీ పక్కపక్కన ఎందుకు?

బిల్లు నంబర్ల సంగతి మీలో ఎవరికైనా తట్టిందో లేదో. మా కొట్టాయన గురువారం లెక్కకి వెనక్కి వెళ్ళాడు కదా, సాఫ్ట్‌వేర్ గురువారం నంబరు తర్వాతి నంబరుతో బిల్లు కొట్టడం మొదలెట్టింది. ఆ నంబర్లు శుక్ర, శనివారాల్లో అప్పటికే జనం చేతుల్లోకి వెళ్ళిపోయాయి. జీఎస్టీ నిబంధనల్లో 46వది బిల్లు నంబరు వరుసగా ఉండాలనీ, ఆ ఆర్థిక సంవత్సరంలో అది మళ్ళీ రాకూడదనీ చెబుతుంది. ఒకే నంబరు రెండు బిల్లులకు వచ్చిందని ఆడిటరు పట్టుకునేదాకా మాకు తెలియలేదు. పాత కాపీ ఎక్కించిన ప్రతిసారీ ‘మీ చేతిలో ఉన్న చివరి బిల్లు నంబరెంత?’ అని సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న అడిగి అక్కణ్ణుంచి మొదలెట్టాలి, లేదా కొత్త అక్షరంతో కొత్త వరుస తెరవాలి. ఒక ప్రశ్న చాలు.

కాపీ ఎక్కడ ఉండాలి అన్నది తర్వాతి మాట. గల్లా పెట్టెలో పెట్టిన పెన్‌డ్రైవ్ సీపీయూకి మూడడుగుల దూరంలో ఉంది, దానితోపాటే మునిగింది. బతకడం అదృష్టం. పెద్దవాళ్ళూ ఇదే చేస్తారు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటరు కాలిపోయినప్పుడు కొందరు కస్టమర్లకి అసలూ బ్యాకపూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయని తేలింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రం కాలినప్పుడు ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే జీ-డ్రైవ్ అనే వ్యవస్థ మొత్తం పోయింది, 858 టెరాబైట్లు. మరీ పెద్దదని దానికి బయట కాపీ పెట్టలేదట. మా కొట్టు లెక్క నలభై మెగాబైట్లు. మాకు ఆ సాకు కూడా లేదు.

పటమటలో ఒక హోల్‌సేల్ కొట్టాయన తనంతట తనే ఒక దారి కనిపెట్టాడు. కూతురు డాలస్‌లో ఉంటుంది. రోజూ రాత్రి ఫైలుని వాట్సాప్‌లో ఆ అమ్మాయికి పంపుతాడు. గుడ్ నైట్ మెసేజీతోపాటు డేటాబేస్ వెళ్తుంది. నవ్వొచ్చినా, ఊళ్ళు దాటి ఉన్న కాపీ నా ముప్పై రెండు కొట్లలో అదొక్కటే. కాకపోతే ఆ ఫైల్లో వందలమంది ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత బాకీ అన్నదీ ఉన్నాయి. ఫోన్ పొరపాటున వేరే గ్రూపులో పెట్టిందంటే ఒక పేట మొత్తం పరువు బజార్లో పడుతుంది. అందుకే పాస్‌వర్డ్ పెట్టి మూసిన ఫైలు కావాలి. ఇక్కడ మీరు ఒక గుంటలో పడే ప్రమాదముంది. తాళంచెవిని విండోస్ దాచిపెట్టే అరలో పెట్టి ‘యూజరుకి పాస్‌వర్డ్ బాధ లేదు’ అనుకుంటారు. ఆ తాళంచెవి ఆ కంప్యూటరుకీ ఆ లాగిన్‌కీ ముడిపడి ఉంటుంది. కంప్యూటరు మునిగితే తాళంచెవీ మునిగినట్టే, డాలస్‌లో ఉన్న ఫైలు ఇటుకరాయితో సమానం. ఆండ్రాయిడ్ ఫోన్లో తాళంచెవులు దాచే కీస్టోర్ కూడా అంతే. పాస్‌వర్డ్ మనిషి దగ్గర ఉండాలి. మర్చిపోతాడు కాబట్టి, మొదటిసారి పెట్టినప్పుడే ఒక కాగితం ప్రింటు తీసిచ్చి ‘ఇది ఇంట్లో బీరువాలో పెట్టుకోండి’ అనండి. బీరువాలో కాగితం దాచడం మావాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఫోన్ వెర్షన్ సంగతి రెండు ముక్కలు. గూగుల్ తనంతట తనే బ్యాకప్ తీస్తుంది కదా అని అక్కడ వదిలేశారు. అది ఒక్కో యాప్‌కి 25 మెగాబైట్ల దాకానే. అంతకు మించితే ఊరుకుంటుంది. యాప్ తీసేసి మళ్ళీ ఎక్కిస్తే బాగవుతుందని ఎవరో చెబితే, తీసేయగానే యాప్ సొంత ఫోల్డరూ దానితోపాటే పోతుంది. కాపీ ఎక్కడ పెట్టాలో యూజర్నే అడిగి, యాప్‌కి బయట పెట్టండి.

కంప్యూటరుకి ఎప్పుడూ తగిలించి ఉన్న డ్రైవులో కాపీ పెట్టడం సగం పనే. ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ వస్తే దానికీ తాళం పడుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 2022 నవంబరు 23న అదే జరిగింది. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటాకి తాళం పడి, రోజుల తరబడి రోగుల చీటీలు చేత్తో రాశారు. చివరికి వాళ్ళు వాడే ఈ-హాస్పిటల్ అనే సాఫ్ట్‌వేర్ డేటా ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్లోంచి. అంత పెద్ద ఆస్పత్రిని గట్టెక్కించింది ఆ దూరమే. కాపీ పూర్తయ్యాక ‘ఇప్పుడు పెన్‌డ్రైవ్ తీసి ఇంటికి పట్టుకెళ్ళండి’ అని ఒక వాక్యం చూపిస్తే మీకు పోయేదేమీ లేదు.

నాకు అన్నిటికంటే భయం పుట్టించేది చప్పుడు లేకుండా ఆగిపోయే బ్యాకప్. కోడ్ దాచుకోవడానికి మీరంతా వాడే గిట్‌ల్యాబ్ కథ మీకు తెలిసే ఉంటుంది, అయినా మీ జాబితా చూశాక గుర్తు చేయాలనిపించింది. 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. తేరుకుని ఆపేసరికి 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలాయి. సరే, బ్యాకప్‌లున్నాయిగా అనుకున్నారు. రోజువారీ కాపీ దాచే చోటు ఖాళీగా ఉంది. డేటాబేస్ 9.6 వెర్షనైతే కాపీ తీసే పనిముట్టు 9.2ది, అది రోజూ ఫెయిలవుతోంది. ఫెయిలైందని పంపే మెయిళ్ళు కూడా గమ్యం చేరకుండా తిరస్కరణకు గురవుతున్నాయి. వేరే పనికోసం ఒకతను ఆరు గంటల ముందు చేత్తో తీసుకున్న కాపీ ఉండబట్టి బయటపడ్డారు. దాచుకోకుండా జరిగిందంతా బయటపెట్టి, బాగుచేయడాన్ని జనం చూస్తుండగా చేశారు. ఆ నిజాయితీకి దండం పెట్టాలి. అంత చేయి తిరిగినవాళ్ళకే కబురు అందలేదంటే, మా కొట్లో ఆటోమేటిక్ బ్యాకప్ ఆగిపోయిందని ఎవరు చూస్తారు? మొదటి తెర మీద, ఇవాళ్టి అమ్మకం అంకె పక్కనే, ‘చివరి కాపీ: 4 రోజుల క్రితం’ అని పెట్టండి. మూడు దాటితే ఎర్రగా చూపించండి. అమ్మకం అంకె ప్రతివాడూ చూస్తాడు.

పాత కాపీలు ఎన్నాళ్ళు ఉంచాలన్నది చట్టమే కొంత చెప్పింది. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు ఉంచాలి. రోజువి ఒక వారం, వారానివి ఒక నెల, నెలవి ఒక ఏడాది, మార్చి 31వి అన్నీ ఉంచితే మా కొట్లకి సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: పాతవి చెరిపే కోడ్‌ని బ్యాకప్ తీసే కోడ్ కంటే రెట్టింపు అనుమానంతో చూడండి. 2021 డిసెంబరులో క్యోటో విశ్వవిద్యాలయం సూపర్‌కంప్యూటర్‌లో 77 టెరాబైట్ల పరిశోధన డేటా పోయింది. దొంగా కాదు, నిప్పూ కాదు, బ్యాకప్ స్క్రిప్టే. అది నడుస్తుండగా దాని మీదే కొత్త వెర్షన్ పెట్టారు, చెరపాల్సిన పాత లాగ్‌ల బదులు అసలు ఫైళ్ళని చెరుపుకుంటూ పోయింది.

సీఎస్‌వీ ఎగుమతి (లెక్కని ఎక్సెల్లో తెరిచే మామూలు ఫైలుగా బయటికి తీయడం) ఉంది కదా అది చాలదా అని మీలో ఒకరు నాతో ఫోన్లో అన్నారు. అది ఎక్సెల్లో తెరిచి చూడండి. అక్షరాలు ఏ పద్ధతిలో రాశారో చెప్పే యూటీఎఫ్-8 గుర్తు ముందు పెట్టకపోవడంతో తెలుగు పేర్లన్నీ పిచ్చి గీతలవుతున్నాయి. 91తో మొదలయ్యే ఫోన్ నంబర్లు 9.19ఈ+11 అవుతున్నాయి. సుధాకర్‌రావు అని కొట్టిన పేరులో కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటుంటుంది, మీ ఎగుమతి దాన్ని మింగేస్తోంది. తిరిగి ఎక్కించాక ఆయన ‘సుధాకర్రావు’ అవుతాడు, వెతికితే దొరకడు, కొత్త ఖాతా తెరుస్తారు, పాత బాకీ పాత పేరు మీద ఉండిపోతుంది. ఎగుమతి బాగుచేయండి, అది కావాలి, రేపు ఎవరైనా మీ దగ్గర్నుంచి వెళ్ళాలనుకుంటే లెక్క పట్టుకుని వెళ్ళగలగాలి. కానీ దాన్ని బ్యాకప్ అనకండి.

గూగుల్ డ్రైవ్ ఫోల్డర్లో పెట్టుకుంటే అదే సింక్ అవుతుంది అని ఇంకొకరు అన్నారు. సింక్ అంటే ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోవడం. పైగా తెరిచి ఉన్న డేటాబేస్‌ని సింక్ చేయడమంటే మళ్ళీ ఆవర్జా ఒకసారి, చిట్టా ఇంకోసారి వెళ్ళడమే. వచ్చే ఏడాది క్లౌడ్‌కి వెళ్తున్నాం, అప్పుడు ఈ బాధే ఉండదు అన్న మాటకి నేనేమీ అనను. పైన చెప్పినవాటిలో ఎన్ని అప్పటికే సర్వర్ల మీద ఉన్నవో మీరే చూసుకోండి.

మీకు మనుషులు తక్కువ, తెలుసు. డార్క్ థీమ్ ఆపండి. మా కొట్లలో ట్యూబులైట్లే ఉంటాయి, ఎవరూ అడగలేదు. నోటితో వెతకడం కూడా ఆగొచ్చు, కందిపప్పు ఏ అరలో ఉందో కొట్టువాడికి తెలుసు. నేను కోడ్ రాయలేను. పరీక్షించగలను. నా దగ్గర విండోస్ 7 నుంచి 11 దాకా నడిచే పాత డబ్బాలు ఆరున్నాయి. మీ ప్రతి వెర్షన్‌కీ ఒక డబ్బాలో కాపీ తీసి, ఇంకో డబ్బాలో ఎక్కించి, మొత్తం బాకీ పైసలతో సహా సరిపోయిందో లేదో చూసి రాత్రికి మీకు చెబుతాను. తెలుగు తెర మీద మాటలూ రాసిస్తాను, ఒప్పుకుంటే.

ఆ గురువారం ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. పేర్లూ ఫోన్ నంబర్లూ మార్చేసి పంపుతాను, కొట్టాయన సరేనన్నాడు. మీ కొత్త వెర్షన్‌లో ముందు దాన్నే ఎక్కించి చూడండి. ఎక్కిన రోజున నాకు ఒక ఫోన్ చేయండి, సింగ్ నగర్ వెళ్ళి ఆయనకి చూపించి వస్తాను. ఆ పెన్‌డ్రైవ్ ఇప్పుడు గల్లా పెట్టెలో ఉండటం లేదు. రోజూ రాత్రి చొక్కా జేబులో ఇంటికెళ్తోంది.

ఇట్లు,
విజయవాడలో మీ సాఫ్ట్‌వేర్ ఎక్కించే మనిషి